నోటుబుక్కులో లేని ఇల్లు

సి.పి.యు. మూత విప్పగానే ముక్కుకు తగిలే వాసన ఒకటుంది. వేడెక్కిన దుమ్ము వాసన అది. ధర్మవరంలో ఆ దుమ్ములో సగం పట్టు నూగే. మగ్గాలున్న ఇళ్లలో గాలికి లేచే సన్నని నలుసులు ఫ్యాను రెక్కలకు చుట్టుకొని, నెలల తరబడి ఆ వేడికి మగ్గి, వెంట్రుక కాలినట్టు వాసన వేస్తాయి. మొన్న మా వీధిలో ఒకాయన తన సిస్టం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "నిదానమైపోయిందమ్మా, ఏమో చూడు" అని వెళ్లిపోయాడు. మూత తీశాను. ఆ వాసన తగలగానే చేతిలో బ్రష్షు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ మధ్య ఇట్లా కూర్చోవడం ఎక్కువైంది నాకు. మనుషులు అవే తప్పులు చేస్తారు, నేను అవే మాటలు చెబుతాను, వాళ్లు తలాడించి ఇంటికి పోయి మళ్లీ అవే చేస్తారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతుంది. దేవసహాయం సార్ ఇన్నేళ్లు ఈ పని ఎట్లా చేశారా అని అనుకున్నాను. ఆయన గుర్తొస్తే దాని వెనకే ఇంకొకటి గుర్తొస్తుంది. అందుకే ఆయన్ను తలుచుకోవడం నాకు అంత తేలికైన పని కాదు.

ఆయన్ను చూడనివాళ్లకు ముందు మనిషిని చెప్పాలి. కర్ణాటక సరిహద్దున రొళ్ల దగ్గర పల్లె వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆదివారం ప్రార్థనలో రెండూ. పొడుగ్గా, కాస్త వంగినట్టు ఉండేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉండేది. పెనుకొండలో ఒక బట్టల అంగడి మీద మేడగదిలో చాలాకాలం టైపు నేర్పారు. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక మిషన్లు అమ్మేసి నాలుగు పాత కంప్యూటర్లు పెట్టారు. నేను డిగ్రీ అయ్యాక ముదిగుబ్బ నుంచి వచ్చి అక్కడే చేరాను. మా నాయన గొర్రెలు మేపేవాడు. మా ఇంట్లో కరెంటుతో నడిచే వస్తువంటే బల్బూ, ఫ్యానూ. మొదటి రోజు సార్ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "చేతులు ఒళ్లో పెట్టుకోమ్మా మణీ. ఈ పొద్దు చూడు, అంతే. దేన్నీ ముట్టుకోవద్దు" అన్నారు. గంటసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. డబ్బు కట్టి చేరింది ఇందుకా అని లోపల మండిపోయింది.

వారం తిరక్కుండానే నేను ఏదో నొక్కితే సార్ పాఠాలు దాచుకున్న ఫోల్డరు మొత్తం మాయమైంది. ఆయన వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏం నొక్కినావు?"

"నేనేం నొక్కలేదు సార్. అదే పోయింది."

"అందరూ అదే చెప్తారు. మిషను దానంతట అది ఏం చెయ్యదు తల్లీ. నొక్కింది చెప్పు, నేను తిట్టను. నువ్వు చెప్పకుంటే నేను యాడ నుంచి వెతకాల?"

చెప్పాను. నిమిషంలో ఫోల్డరు తిరిగి తెచ్చారు, నిజంగానే తిట్టలేదు. తిట్టి ఉంటే మేలేమో, అంతటితో మరిచిపోయేదాన్ని. ఆయన దగ్గర ఏడాదిపాటు కంప్యూటర్ కన్నా, చేసింది చేసినట్టు చెప్పడమే ఎక్కువ నేర్చుకున్నాను అనుకునేదాన్ని. అది ఎంత అబద్ధమో తర్వాత తెలిసింది.

తర్వాత నేను ధర్మవరం వచ్చి చీరలకు గ్రాఫులు వేసే పనిలో కుదురుకున్నాను. అంచు, బుటా, కొంగు, ఏదైనా ముందు గళ్ల మీద చుక్కచుక్కగా గీయాలి. ఒకప్పుడు కాగితం మీద గీసి, అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కించేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్‌లో గీసి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి మగ్గం మీద బొమ్మకు తగ్గట్టు పోగులెత్తే జకార్డు పెట్టెకు తగిలిస్తారు. గీసే సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. ఊరంతా క్రాకే, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. సార్ అప్పటికి పెనుకొండలో గది ఖాళీ చేసి హిందూపురంలో చిన్న రిపేరు అంగడి పెట్టుకున్నారు. బెంగళూరులో సామాన్లు కొనేచోట ఎవరో ఆయనకు ఆ క్రాకు ఇచ్చారు. నేను అడగ్గానే రైలెక్కి వచ్చి నా సిస్టంలో వేసిపెట్టారు. వేసేముందు యాంటీవైరస్ ఆపాలి. ఆ ఫోల్డరును వెతకొద్దని దానికి చెప్పాలి. లేకపోతే అది క్రాకును పట్టుకొని పారేస్తుంది.

"ఇది అరుస్తాది. అరవనీ. క్రాకును చూస్తే అన్నీ అరుస్తాయి" అన్నారు సార్. ఆ మాట మా ఊర్లో గ్రాఫులు వేసే ప్రతి ఇంట్లోనూ వినిపించేది. యాంటీవైరస్ ఆపితే తప్ప పని మొదలు కాదన్నది మాకు వంట ముందు పొయ్యి వెలిగించినంత మామూలైపోయింది. పని అయ్యాక సార్ సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, నా పేరు, ఆ రోజు తేదీ, ఏం వేశారో రాసుకున్నారు. ఏ ఇంట్లో ఏ మిషన్‌కు ఏం చేసినా అందులో రాయడం ఆయన అలవాటు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నెల తర్వాత పెనుకొండలో ప్రమీలక్క ఇంటికి వెళ్లాను. ఆమె కూడా గ్రాఫులు వేస్తుంది. ధర్మవరంలో వేరే మగ్గాల ఓనరుకు పని చేసేది, పని ఇచ్చిపుచ్చుకునేచోట పరిచయమైంది. కొత్త సాఫ్ట్‌వేర్ గురించి చెబితే ఆమె కళ్లు మెరిశాయి. సార్ నా దగ్గర ఉంచిపోయిన క్రాకు పెన్‌డ్రైవ్ నా సంచిలోనే ఉంది. ఎవరికీ ఇవ్వొద్దని ఆయన చెప్పారు, అవసరమైతే తానే వచ్చి వేస్తానన్నారు. నేను ఆగలేదు. పెద్దరికం చూపించుకోవాలన్న ఆశ నాకు. యాంటీవైరస్ ఆపబోతే ప్రమీలక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మణీ. ఎర్రగా చూపిస్తాండాది. ఏమన్నా అయితే?"

"ఏం కాదక్కా. దేవసహాయం సారే చెప్పినాడు. ఆయనే ఇచ్చి పంపినాడు నన్ను."

పెనుకొండలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆ పేరు వినగానే ఆమె చెయ్యి తీసేసింది. అంత సుళువుగా అబద్ధం నా నోట్లోంచి వచ్చింది. రైల్లో తిరిగి వస్తూ దాని గురించి ఒక్కసారైనా అనుకోలేదు.

ఏడాది గడిచింది. మా ఓనరు నారాయణప్పన్న ఒకరోజు పిలిపించాడు. నేను గీసిన కొంగు, మూడు వారాలు కూర్చొని కళ్లు మండేలా గీసింది, ఇంకా మా మగ్గం దిగకముందే వేరే వీధిలో అంగట్లో చీర మీద కనిపించింది. అంతకుముందు రెండు బుటాలూ అట్లాగే పోయాయట. ఆయన మెత్తగానే మాట్లాడాడు, దానికే భయం వేసింది.

"కంప్యూటరు నీ ఇంట్లో ఉండాది. ఫైలు నీ చేతిలోది. చీర ఇంకా మగ్గం మీద ఉండంగానే ఆ కొంగు ఆడికి ఎట్ల పాయ? కాళ్లు వచ్చినాయా దానికి?"

"నేను ఎవురికీ ఇయ్యలేదన్నా. మా నాయన మీద ఒట్టు."

"ఇచ్చినావని నేను అనలే. ఎట్ల పోయిందో చెప్పమంటాండా. చెప్పేదాకా పనికి రావద్దులేమ్మా."

ధర్మవరంలో ఒక ఓనరు వద్దన్నాడంటే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. డిజైన్లు అమ్ముకుంది అన్న పేరు ఒకసారి పడితే ఇంక ఏ గడపా ఎక్కనివ్వరు. పని పోవడం ఒక ఎత్తు. దొంగ అనిపించుకోవడం ఒక ఎత్తు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చాక సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "నువ్వు ఇచ్చినావా?" అని అడగలేదు. "ముందు నెట్టు తీగ పీకెయ్. మల్ల ఆ పెట్టె ఎత్తుకొని రా" అన్నారు.

సి.పి.యు.ను దుప్పట్లో చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకొని ప్యాసింజరు ఎక్కాను. హిందూపురంలో దిగేసరికి తొడలు మొద్దుబారాయి. సార్ అంగడి వెనక గదిలో దాన్ని బల్ల మీద పెట్టి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా, తన పాత ఫోన్ నుంచి కాసేపు నెట్ ఇచ్చి, ఏది బయటికి మాట్లాడుతోందో చూపించే నల్ల కిటికీ ఒకటి తెర మీద తెరిచారు. మేమేమీ ముట్టుకోకపోయినా ఒక వరుస మాత్రం మళ్లీ మళ్లీ పైకి వస్తోంది. ఎవరినో పిలుస్తోంది, ఆగుతోంది, మళ్లీ పిలుస్తోంది.

"చూడు. మామూలు వైరస్సయితే ఇల్లు పాడు చేస్తాది, మనకు తెలుస్తాది. ఇది పాడు చెయ్యదు. లోపల కూచోని పెరటి గడియ తీసి పెడ్తాది. బయటోడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోని పోతాడు. ఏదీ పోయినట్టు ఉండదు. అందుకే ఇన్ని దినాలు నీకు తెలీలేదు."

ఆ ప్రోగ్రాము పేరు విండోస్ పేరే. కానీ విండోస్ ప్రోగ్రాములు ఉండాల్సిన చోట లేదు. సార్ దాన్ని ఆపారు, కాసేపటికి మళ్లీ లేచింది. దాన్ని లేపే పనికి ఇంకొకటి కాపలా ఉంది. కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ, గంటకొకసారీ చూసుకొని, లేకపోతే మళ్లీ పెట్టమని ఎవరో దానికి పని అప్పగించారు. నేను తెరవని ఒక యూజర్ ఖాతా కూడా ఉంది, అన్ని అధికారాలతో. నా ఇంట్లో, నా బల్ల మీద, నాకు తెలియకుండా ఇంకొకరు కాపురం ఉన్నారు. స్నానం చేయాలనిపించింది.

ఆ ఫైలు ఏ ఫోల్డరులోంచి వచ్చిందో, ఏ రోజు వచ్చిందో సార్ చూశారు. లేచి అల్మారాలోంచి నోటుబుక్కు తీసి పేజీలు తిప్పారు. వేలు ఒకచోట ఆనించి, తెర వైపు చూసి, మళ్లీ పేజీ వైపు చూశారు. అక్కడ నా పేరుంది. కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు.

"మణీ, ఇది క్రాకుతోనే వచ్చింది. యాంటీవైరస్సు ఆ దినం అరిచింది దీన్ని చూసే. నేనే దాని నోరు మూసినా."

ఆయన చెప్పకుండా ఉండి ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు. తుడిచేసి, బాగైంది పో అంటే దండం పెట్టి వచ్చేదాన్ని.

శుభ్రం చేయడానికి ఆయన మూడు రోజులు తీసుకున్నారు. నేను రోజూ రైల్లో వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన అన్న మాట ప్రకారం, దొంగ చేతిలో ఉన్న ఇంట్లో నిలబడి దొంగ ఉన్నాడా అని అడగకూడదు. అందుకే ఆ సిస్టంను దాని డిస్కుతో నడపకుండా, వేరే కంప్యూటర్‌లో తయారు చేసిన పెన్‌డ్రైవ్‌తో లేపి బయట నుంచి వెతికారు. కనిపించినవన్నీ తీశారు. ఇంక అయిపోయిందనుకున్నాను.

"మనకు కనపడినవి ఇవి. కనపడనివి ఎన్నో నాకు తెలీదు. తెలీనప్పుడు తెలీదనే అనుకోవాల" అని, నేను గీసిన బొమ్మల ఫైళ్లు మాత్రం పక్కకు తీసి, ప్రోగ్రాము అన్నది ఒక్కటీ ఉంచకుండా డిస్కంతా చెరిపేసి మొదటి నుంచి వేశారు. పాస్‌వర్డులన్నీ నా పాత సిస్టంలోంచి కాకుండా వేరే చోట నుంచి మార్పించారు. అంతా అయ్యాక కూడా ఇవ్వలేదు. ఇంకో రెండు రోజులు ఊరికే నెట్ ఇచ్చి, ఏదైనా పిలుస్తుందేమోనని చూశారు. శుభ్రమైందా సార్ అని అడిగితే, "నాకు కనపడినంత వరకు లేదు" అన్నారు. బాగైంది అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

నారాయణప్పన్న దగ్గరికి తానే వస్తానన్నారు. నేను వద్దన్నాను. నా పేరు బాగుపడాలంటే ఆయన పేరు చెడాలి, అది నాకు అర్థమైంది. ఆయన వినలేదు. అప్పటికి ఒక సంగతి బయటపడింది. ఫోన్ గ్రూపుల్లో డిజైన్ల మూటలు తిరుగుతుంటాయి, ఎవరెవరో అమ్ముతుంటారు. ఒక మూటలో నా బొమ్మలు నేను పెట్టిన పేర్లతోనే ఉన్నాయి. వాటి పక్కన సార్ క్రాకు వేసిన ఇంకో నాలుగిళ్ల బొమ్మలూ ఉన్నాయి. క్రాకు చేసినవాడే అందరి ఇళ్లలోనూ ఏరుకొని అమ్ముకున్నాడని మా అనుమానం. వాడెవరో ఈ రోజుకీ తెలియదు. తెలిసేదీ లేదు.

నారాయణప్పన్న మంచం మీద కూర్చొని అంతా విన్నాడు. సార్ నిలబడే చెప్పారు.

"నువ్వు చెప్పిన కంప్యూటరు సంగతి నాకు సగం అర్థం కాలే సారూ. తప్పు నీదంటాండావు, అది అర్థమాయ. అమ్మాయి పనికి రానీ. నువ్వు మాత్రం మా మిషన్లు ముట్టుకోవద్దు."

"సరేనప్పా" అన్నారు సార్. అంతే. బయటికి వచ్చాక నేను ఏడుస్తుంటే, "ఎందుకమ్మా, నీ పని నీకు వచ్చింది కదా. పోయి టీ తాగుదాం పద" అన్నారు. తర్వాత నారాయణప్పన్న అసలు సాఫ్ట్‌వేర్ కొన్నాడు. నేను వాళ్లింట్లోనే కూర్చొని గీయడం మొదలుపెట్టాను.

సార్ అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నోటుబుక్కు తీసి ఆ క్రాకు వేసిన ఇళ్లన్నీ గుర్తు పెట్టుకున్నారు. ధర్మవరంలో, పెనుకొండలో, హిందూపురంలో నలభై దాకా తేలాయి. ఒక్కో ఇంటికీ వెళ్లి, "నేను వేసిందాంట్లో దొంగ ఉన్నాడు, తీసేస్తాను" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆదివారాలు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక నేనూ తోడు వెళ్లేదాన్ని. అంత అలసట పుట్టించే పని నేను మళ్లీ చేయలేదు. కొందరు వాకిట్లోనే తిట్టారు. ఒకాయన మా సిస్టం బాగానే ఉంది, మీకు పని లేకపోతే పోండి అని తలుపు వేసుకున్నాడు. ఎక్కువమంది మాత్రం శాంతంగా విని చివర్లో ఒకటే అడిగేవాళ్లు.

"అది తీసేస్తే మేము గీసేది దేంట్లో సార్?"

ఆయన ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకున్నారు. దాంట్లో గీయడం అంటే చేతికి గ్లవుసు తొడుక్కొని పోగు అతికినట్టే. కొందరు పళ్లు బిగించి దానికి మారారు. కొందరు, దొంగ ఉంటే ఉండనీ సార్, పండగ పనులున్నాయి, ఆపలేం అన్నారు. అట్లాంటి ఇంటి నుంచి బయటికి వచ్చినప్పుడు ఆయన నోటుబుక్కులో ఆ పేరు పక్కన చెప్పినాను అని మాత్రం రాసుకునేవారు. నాకు కోపం వచ్చేది. వాళ్ల మీదా, ఆయన మీదా.

తర్వాత పెనుకొండ ఇళ్ల వంతు వచ్చింది. ప్రమీలక్క ఇల్లు నోటుబుక్కులో లేదు. ఉండదు, వేసింది నేను. చెబుదామని ప్రతి ఆదివారం రైలెక్కేదాన్ని. చెప్పకుండానే దిగేదాన్ని. సార్ నాకోసం అంత చేశాక, ఎవరికీ ఇవ్వొద్దన్న పెన్‌డ్రైవ్ నేను ఇచ్చాననీ, అందులోనూ మీ పేరు చెప్పాననీ ఏ ముఖంతో చెప్పాలి? చివరికి పక్క వీధిలో ఒక ఇల్లు చూసుకొని వస్తుంటే ప్రమీలక్కే మమ్మల్ని చూసి వాకిట్లోకి వచ్చింది.

"ఏం మణీ, ఇంత దూరం వచ్చి ఇంటికి రాకుండా పోతాండావు? సార్, మీరూ రండి. మా సిస్టమూ ఒక తూరి చూద్దురు."

లోపలికి వెళ్లాం. ఆమె చిక్కిపోయింది. మజ్జిగ ఇస్తూ చెప్పింది, నాలుగు నెలలుగా పని లేదని. ఏం గీసుకొని పోయినా ఇది ముందే చూసినాం, నీ చేతిలో కొత్తదనం పోయింది అని ఓనరు తిప్పి పంపుతున్నాడట. "నిజమేనేమో సార్. వయసైపోయ, బుర్ర పని చెయ్యలేదేమో అనుకున్నా" అంది నవ్వడానికి చూస్తూ. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

సార్ సిస్టం ముందు కూర్చున్నారు. వెతకొద్దని యాంటీవైరస్‌కు చెప్పిన ఫోల్డర్ల పట్టీ తెరిచారు. అదే ఫోల్డరు, అదే చోట.

"ఇది వేసింది ఎవరమ్మా?"

ప్రమీలక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. చివరికి ఆమే అంది, "మీరు చెప్పినారనే కదా సార్ వేసుకునింది."

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. తెరవలేదు. సార్ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"అవునమ్మా" అన్నారు. "నా తప్పే. నీ చేతిలో ఏం తప్పు లేదు. నీ బొమ్మలు ముందే ఎత్తుకోని పోయినారు, అందుకే వాళ్లు చూసినామన్నేది. రేపు మీ ఓనరు దగ్గరికి నేను వచ్చి చెప్తా."

నేను గ్లాసులు లోపల పెట్టి వచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రం రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నోటుబుక్కు తీసి చివర ప్రమీలక్క పేరు రాశారు. రైలు కదులుతుంటే అక్షరాలు వంకర పోయాయి. నేను అడుగుతారని చూశాను. అడగలేదు. ధర్మవరం వేపు పోవాల్సినదాన్ని ఆయనతో హిందూపురం రైలు ఎందుకెక్కానో నాకే తెలియదు. ఆయనకు మాత్రం తెలిసి ఉంటుంది. హిందూపురంలో దిగాక, "మల్ల ఎప్పుడన్నా మాట్లాడుకుందాంలే. ఇంటికి పో, పొద్దు పోతాండాది" అని నన్ను తిరుగు రైలు ఎక్కించారు. మరుసటి రోజు నిజంగానే ధర్మవరం వచ్చి ప్రమీలక్క ఓనరు ముందు కూడా నిలబడ్డారు. ఆమె పని ఆమెకు వచ్చింది.

ఆయన అంగడికి మనుషులు తగ్గారు. దేవసహాయం సార్ వైరస్ పెడతాడు అన్న మాట ఒకటి పుట్టి ఊరంతా తిరిగింది. దాన్ని ఆపేవాళ్లు లేరు. ఆయన కూడా ఆపలేదు. మూత తీసిన పెట్టెల మధ్య మధ్యాహ్నాలు ఒక్కరే కూర్చునేవారు. నేను వెళితే సంతోషపడేవారు, పని నేర్పేవారు. ఇప్పుడు నాకొచ్చిన పని అంతా ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో నేర్చుకున్నదే. మళ్లీ మాట్లాడుకుందాం అన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్య రాలేదు. ఆయన ఎత్తలేదు. నేను ఎత్తలేకపోయాను. రెండేళ్లకు షుగర్ ముదిరి, కిడ్నీలు పాడై ఆయన పోయారు. హిందూపురంలో మట్టి వేస్తుంటే నేను పిడికెడు వేశాను. ఆ పిడికిలి విప్పడానికి చాలాసేపు పట్టింది.

పోయిన వేసవిలో ప్రమీలక్క దగ్గరికి వెళ్లాను. ఎందుకు ఆ రోజే వెళ్లానో చెప్పలేను. మోయలేక వెళ్లాను, అంతే. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చొని చెప్పేశాను. ఆ పెన్‌డ్రైవ్ సార్ పంపింది కాదనీ, ఆయన పేరు నేను వాడుకున్నాననీ, ఆ రోజు నోరు మూసుకొని కూర్చున్నాననీ. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు ఎరికే మణీ. ఆ దినం నువ్వు గిలాసలు లోపల పెట్టను పోయినప్పుడు సారు 'నీ పేరు ఏమమ్మా' అని అడిగినాడు నన్ను. తాను పంపించి వేయించిన ఇల్లయితే పేరు తెలీకుండా ఉంటాదా?"

"మరి ఏమీ అనలేదే అక్కా."

"ఆయన గమ్మునుండాడు కదా అని నేనూ గమ్మునుంటి. వాకిట్లో ఆయన్ను అడిగినా, ఎందుకు సార్ మీ మీద వేసుకుంటారు అని. ఆ పిల్ల చెప్తాది లేమ్మా, కొంచెం టైం ఇయ్యి అన్నాడు."

ఆమె చేటలోంచి కొంత చింతపండు నా వైపు జరిపింది. ఇద్దరం కూర్చొని గింజలు తీశాం. ఆయన నేను చెబుతానని నమ్మి ఎదురుచూశారు. రెండేళ్లు, నేను వెళ్లిన ప్రతి మధ్యాహ్నం నా పక్కనే కూర్చొని, ఒక్క మాట అడగకుండా. నేను చెప్పాను. వినాల్సిన మనిషి పోయాక చెప్పాను.